విదేశంలో పది వారాలు: పరిశోధన, సేవ ఒకే చేత్తో చేయకండి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీరు డిగ్రీ మూడో సంవత్సరంలోకి వస్తున్నారు. కాలేజీ ఇచ్చే గ్రాంటుతో వచ్చే వేసవిలో ఇంకో దేశంలో, కొండల్లో ఉన్న ఒక ఊళ్లో పది వారాలు ఉండాలనుకుంటున్నారు. ఇంటింటి తాగునీటిని పరీక్షిస్తారు, ఆ ఇళ్లకే ఫిల్టర్లు పంచుతారు, తర్వాత అవి ఎలా పనిచేస్తున్నాయో మీరే సర్వే చేసి పేపరు రాస్తారు. పరిశోధన, సేవ రెండూ ఉన్నాయి కాబట్టి గ్రాంటు కమిటీకి నచ్చుతుందా, టూరిస్టు వీసా సరిపోతుందా, ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి, ఇంట్లోవాళ్ల ఆరోగ్య భయాలకు ఏం చెప్పాలి అని అడిగారు.

కమిటీకి నచ్చొచ్చు. ఇలాంటి ప్రపోజల్స్‌ను చాలా ఏళ్లుగా చదువుతున్నాను, విద్యార్థులను పంపిస్తున్నాను, వాళ్లు తిరిగొచ్చాక గంటల తరబడి వాళ్లతో కూర్చుంటున్నాను. ఆ అనుభవంతో చెప్పే మాట ఒకటే: మీరు ఎవరికి ఫిల్టర్ ఇస్తారో వాళ్లనే అడిగి ఆ ఫిల్టర్ సంగతి తెలుసుకోలేరు. మీకు చేతకాదని కాదు, ఇచ్చినవాళ్లకు నిజం చెప్పడం తీసుకున్నవాళ్లకు కష్టం. అందుకే పరిశోధనను, సేవను విడదీయండి.

మీ వయసులో నేను అచ్చం ఇదే పని చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. ముప్ఫై ఇళ్లకు మట్టితో చేసిన కుండ ఫిల్టర్లు పంచాను. ఆరు వారాల తర్వాత నోట్‌బుక్ పట్టుకుని ఇంటింటికీ తిరిగితే దాదాపు అందరూ రోజూ వాడుతున్నామన్నారు. ఎంత పొంగిపోయానో! ఆ మధ్యాహ్నం ఒక ఇంట్లో దాహమేసి మంచినీళ్లు అడిగాను. ఆ ఇల్లాలు గ్లాసు తీసుకుని అలవాటుగా మూలనున్న పాత కుండ వైపు నడిచింది. సగం దూరం వెళ్లాక ఆగి, నా వైపు చూసి, వెనక్కి తిరిగి ఫిల్టర్ దగ్గరికొచ్చింది. కుళాయి తిప్పింది. చుక్క రాలేదు. కుళాయి మూతికి సాలెగూడు అల్లుకుని ఉంది. నేను మూత ఎత్తి చూస్తే లోపల వచ్చే పంటకు దాచుకున్న విత్తనాల మూట ఉంది. ఎలుకలు దూరని పాత్ర ఆ ఇంట్లో అదొక్కటే.

ఆమె తల దించుకుంది. నిజానికి తల దించుకోవాల్సింది నేను. ఆమె అబద్ధం చెప్పలేదు, దూరం నుంచి వచ్చిన కుర్రాడి మనసు నొప్పించకూడదనుకుంది. తర్వాత దుబాసీ లేకుండా, వచ్చీరాని భాషలో, సైగలతో అడిగితే అసలు సంగతి చెప్పింది. ఆ ఫిల్టర్‌లోంచి గంటకు లీటరో రెండు లీటర్లో దిగుతాయి. ఇంట్లో ఏడుగురు. తెల్లవారకముందే పొలానికి బయల్దేరేటప్పుడు అందరికీ ఒకేసారి నీళ్లు కావాలి. ఈ లెక్క ఆమెకు మొదటి వారంలోనే తెలుసు. నేను అడగలేదు కాబట్టి చెప్పలేదు. నా నోట్‌బుక్‌లో ఆ ఇంటి ఎదురుగా 'రోజూ వాడుతున్నారు' అనే రాసి ఉంది.

ఇది నా ఒక్కడి కథే కాదు. పిల్లలు రంగులరాట్నంలా తిప్పి ఆడుకుంటుంటే నీళ్లు పైకొచ్చే ప్లేపంప్ గురించి మీరు వినే ఉంటారు. 2000ల తొలి దశకంలో ఆఫ్రికా దక్షిణ దేశాల్లో దాన్ని ఎంతో గొప్పగా ప్రచారం చేశారు. అది చెప్పినన్ని నీళ్లు తోడాలంటే పిల్లలు రోజుకు 27 గంటలకు పైగా ఆడాలని తర్వాత ఒక పత్రిక లెక్కగట్టి చూపించింది. చాలా ఊళ్లలో చివరికి ఆ చక్రాన్ని ఆడవాళ్లే చేతులతో తిప్పాల్సి వచ్చింది. రోజూ నీళ్లు మోసేవాళ్లను ముందే కూర్చోబెట్టి అడిగి ఉంటే ఆ లెక్క వాళ్లే చెప్పేవాళ్లు.

పరిశోధనను, సేవను కలపడం ఎందుకు ప్రమాదమో పరిశోధనా నీతి చరిత్ర ఇంకా కఠినంగా చెప్తుంది. అమెరికాలో 1932 నుంచి 1972 వరకు టస్కీగీలో సిఫిలిస్ ఉన్న దాదాపు 400 మంది నల్లజాతి పురుషులను ప్రభుత్వ వైద్యులు కేవలం గమనిస్తూ పోయారు. ఆ జబ్బును నయం చేసే పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. ఆ మనుషులు మాత్రం తమకు వైద్యం జరుగుతోందనే నమ్మారు. వాళ్లు సేవ అనుకున్నది ఆ వైద్యులకు పరిశోధన. ఈ ఘోరం బయటపడ్డాక ఏర్పాటైన కమిషన్ 1979లో బెల్మాంట్ రిపోర్టు ప్రచురించింది. అందులో మొట్టమొదటి భాగమే వైద్యసేవకూ పరిశోధనకూ మధ్య గీత ఎక్కడుందో చెప్పేది. ఇరవై నిమిషాల్లో చదవొచ్చు. ప్రపోజల్ రాసేముందు తప్పకుండా చదవండి.

అమెరికాలోనే గ్రాండ్ కాన్యన్ లోయలో నివసించే హవసుపాయి తెగది ఇంకో కథ. తమలో మధుమేహం పెరిగిపోతోందని, సాయం చేయమని వాళ్లే ఒక విశ్వవిద్యాలయాన్ని అడిగారు. 1990 నుంచి రక్త నమూనాలు ఇచ్చారు. అవే నమూనాలను మానసిక వ్యాధుల మీద, ఆ తెగ పూర్వీకులు ఎక్కడి నుంచి వలస వచ్చారన్న దాని మీద జరిగిన అధ్యయనాలకు కూడా వాడారని ఏళ్ల తర్వాత తెలిసింది. కేసు నడిచి 2010లో రాజీ కుదిరింది, మిగిలిన నమూనాలు తెగకు తిరిగి చేరాయి. దక్షిణాఫ్రికాలోని సాన్ అనే ఆదివాసీ ప్రజలైతే 2017లో తమ దగ్గరికొచ్చే పరిశోధకులకు తామే ఒక నియమావళి రాసి పెట్టారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, వీటితోపాటు ముందుగా తమను సంప్రదించే పద్ధతి. రావాలంటే ఇలా రండి అని మర్యాదగానే, గట్టిగా చెప్పారు. మీరు వెళ్లే ఊరు అలాంటి కాగితం రాసి ఉండకపోవచ్చు. రాసి ఉంటే అందులో ఏముండేదో ఊహించుకుని నడుచుకోండి.

సరే, మరి మీ ప్రాజెక్టును ఏం చేయాలి? నేనైతే ఫిల్టర్లు పంచడం పూర్తిగా తీసేస్తాను. దాని బదులు, ఇంతకుముందు ఎవరో ఫిల్టర్లో పంపులో ఇచ్చి వెళ్లిపోయిన ఊరిని వెతుకుతాను. అలాంటి ఊళ్లకు కొదవ లేదు. రెండేళ్లో ఐదేళ్లో గడిచాక అక్కడ ఎన్ని పనిచేస్తున్నాయి, ఆగిపోయినవి ఎందుకు ఆగాయి, విడిభాగం ఎక్కడ దొరుకుతుంది, బాగుచేసేది ఎవరు, ఎవరి పని ఎక్కువైంది? ఈ ప్రశ్నలకు పది వారాలు సరిగ్గా సరిపోతాయి. ఇచ్చింది మీరు కాదు కాబట్టి మొహమాటం తగ్గుతుంది, జనం నోరు విప్పుతారు. ఒక్క విద్యార్థి చేయగలిగిన, చదివినవాళ్లకు నిజంగా పనికొచ్చే పరిశోధన ఇది.

నీటి పరీక్ష ఉంచుకోండి, కానీ అది పైకి కనిపించినంత తేలిక కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఈ-కొలై (నీళ్లలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) అసలు కనిపించకూడదు. దాన్ని తేల్చాలంటే నమూనాను శుభ్రమైన సీసాలో, చల్లగా ఉంచి, వీలైతే ఆరు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు పరీక్షకు పెట్టాలి. తర్వాత దాన్ని వెచ్చగా ఉంచి ఒక రోజు ఆగాలి. కొండమీది ఊళ్లో ఐసు ఎక్కడిది, కరెంటు ఎన్ని గంటలుంటుంది, బస్సు ఎప్పుడుంది? ఈ మూడింటికి జవాబు లేకుండా వంద నమూనాలు తీస్తానని రాయకండి. పాతిక నమూనాలు పక్కాగా తీస్తే చాలు.

ఇంకో విషయాన్ని దాదాపు ప్రతి ప్రపోజల్‌లోనూ మర్చిపోతారు. ఒకరి కుండలో నీళ్లు బాగాలేవని తేలితే ఆ సాయంత్రం మీరేం చేస్తారు? డేటా పూర్తయ్యేదాకా ఆగుతారా? ఆగకూడదు. ఎవరి ఫలితం వాళ్లకు, ఎవరూ వినకుండా, ఎలా చెప్పాలో, ఏం చేయమనాలో బయల్దేరకముందే రాసిపెట్టుకోండి. నీళ్లు సలసల మరిగించడం అందరికీ తెలిసిన మార్గం. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సూచన ఒక నిమిషం, సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్ల పైనున్న చోట్ల మూడు నిమిషాలు. మీరు వెళ్లేది కొండప్రాంతం కాబట్టి ఈ తేడా గుర్తుంచుకోండి. కట్టెలు దొరకని ఇంటికి ఈ సలహా పనికిరాదు, కాబట్టి రెండో మార్గం ఏమిటో స్థానిక ఆరోగ్య కార్యకర్తను అడిగి ఉంచుకోండి.

సేవ మాటేమిటంటారా? అదేమిటో అక్కడివాళ్లు చెప్పాలి. నేను పంపిన ఒక అమ్మాయి బడిలో పాఠాలు చెప్తానని వెళ్లింది. ఆ ప్రధానోపాధ్యాయుడు పాఠాలకు మనుషులున్నారు గానీ ఇరవై ఏళ్ల రిజిస్టర్లు తడిసి పాడైపోతున్నాయన్నాడు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు వాటిని ఆరబెట్టి, ఫొటోలు తీసి, వరసగా కంప్యూటర్లో ఎక్కించింది. ఫొటోలో చూపించుకోవడానికి అందులో ఏమీ లేదు. రెండేళ్ల తర్వాత కూడా ఆ బడి నుంచి ఆమెకు ఉత్తరాలొచ్చేవి.

రెండు పనులు మాత్రం ఎవరడిగినా ఒప్పుకోకండి. ఒకటి, అనాథాశ్రమాల్లో స్వల్పకాలిక సేవ. కంబోడియాలో యూనిసెఫ్ తోడ్పాటుతో 2011లో వెలువడిన అధ్యయనంలో, అలాంటి గృహాల్లో ఉన్న పిల్లల్లో సుమారు నాలుగింట మూడొంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. సందర్శకులు, విరాళాలు వస్తున్నకొద్దీ పిల్లలను ఇంటి నుంచి తెచ్చి నింపే పరిస్థితి ఏర్పడుతుంది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం చేసిన సందర్భంలో ఈ సమస్య చర్చకు వచ్చింది కూడా. పైగా మీకు అలవాటైన పిల్లలను పది వారాలకు వదిలి వచ్చేస్తారు. వాళ్లను అలా వదిలి వెళ్లినవాళ్లలో మీరు మొదటివారు కారు. రెండోది, ఆసుపత్రిలో సూదిమందు, కుట్లు, ప్రసవం లాంటివి. మీ దేశంలో మీకు అనుమతి లేని పని ఇంకో దేశపు పేదవాళ్ల మీద నేర్చుకోకూడదు. అక్కడి డాక్టరే ఆప్యాయంగా పిలిచి చేయమన్నా చేతులు కట్టుకుని చూడండి.

ఇక అక్కడ మీకు అండగా ఉండేవాళ్లను వెతకడం. అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టేది దీనికే. బయల్దేరడానికి పది, పన్నెండు నెలల ముందే మొదలుపెట్టండి, అంటే ఇప్పుడే. ఆ దేశంలోనే ఉండి ఆ విషయం మీద పనిచేస్తున్న అధ్యాపకులకు, సంస్థలకు చిన్న మెయిల్ రాయండి. 'నేను ఇది చేస్తాను, సహకరించండి' అని కాకుండా 'నీటి విషయంలో మీకు ఇంకా జవాబు దొరకని ప్రశ్న ఏమైనా ఉందా, పది వారాల్లో ఒక విద్యార్థి చేయగల ముక్క ఏదైనా ఉందా' అని అడగండి. పదిమందికి రాస్తే ఇద్దరు జవాబిస్తారు, ఆ ఇద్దరిలో ఒకరు ప్రశ్నలు వేస్తారు. ఆ ప్రశ్నలు వేసినవారిని వదులుకోకండి. నా దగ్గరికొచ్చే ప్రపోజల్స్‌లో భాగస్వామి సంస్థ లేఖలు ఉంటాయి, వాటిలో సగం విద్యార్థే రాసి సంతకం పెట్టించుకున్నవని మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. 'ఫలానా నెల వానలకు దారి మూసుకుపోతుంది, అప్పుడు రావద్దు' అని ఒక్క వాక్యం ఉన్న లేఖ చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

గ్రాంట్ల సంగతి క్లుప్తంగా. మీ కాలేజీ గ్రాంటు కాకుండా బయటివి చూస్తుంటే, వాటి స్వభావాలు వేరువేరని గమనించండి. కొన్ని అమెరికా కాలేజీల్లో చదివేవాళ్లకు ఉన్న ప్రాజెక్ట్స్ ఫర్ పీస్, దాత కేథరిన్ డేవిస్ తన నూరో పుట్టినరోజున మొదలుపెట్టినది, 2007 నుంచి వేసవి ప్రాజెక్టులకు 10,000 డాలర్ల చొప్పున ఇస్తోంది. అది చేతల ప్రాజెక్టు అడుగుతుంది. 1968లో మొదలైన వాట్సన్ ఫెలోషిప్ అక్కడి కొన్ని కాలేజీల్లో డిగ్రీ పూర్తవుతున్నవాళ్లను ఏడాది పాటు దేశం బయట ఒంటరిగా తిరిగి తన ప్రశ్న వెంట పడమంటుంది, ఫలితంగా పేపరు కావాలనదు. ఒకదానికి రాసిన ప్రపోజల్ ఇంకోదానికి పంపితే చదివేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

టూరిస్టు వీసా సరిపోదు. చాలా దేశాల్లో మనుషులను ఇంటర్వ్యూ చేయడానికి, నమూనాలు తీయడానికి విడిగా పరిశోధన అనుమతి ఉండాలి. ఉదాహరణకు కెన్యాలో నాకోస్టి, టాంజానియాలో కాస్టెక్ ఈ లైసెన్సులు ఇస్తాయి. దానికి ముందు స్థానిక ఎథిక్స్ కమిటీ (పరిశోధన నీతిని పరిశీలించే బృందం) ఆమోదం, స్థానిక సంస్థ లేఖ అడగడం మామూలే. మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ ఆమోదం దీనికి బదులు కాదు, రెండూ కావాలి. మొక్కలు, సూక్ష్మజీవుల లాంటి నమూనాలు దేశం దాటించాలంటే ఒక దేశపు జీవవనరులు వాడుకుంటే వచ్చే లాభంలో ఆ దేశానికీ వాటా ఉండాలనే, 2014లో అమల్లోకొచ్చిన నగోయా ఒప్పందం వర్తించే అవకాశం ఉంది. మీకు నా సలహా, నమూనాలు దాటించే ఆలోచనే వద్దు, అక్కడి ల్యాబులోనే చేయించండి. 'చిన్న విద్యార్థి ప్రాజెక్టే కదా, ఎవరడుగుతారు' అనే మాట మీకు ఎవరో ఒకరు చెప్తారు. అడిగితే మీరు విమానమెక్కి వచ్చేస్తారు, మీకు సాయం చేసిన అక్కడి మనిషి జవాబు చెప్పుకోవాలి. ఆ ఒక్క కారణం చాలు, దొడ్డిదారి పట్టకపోవడానికి.

భాష రాకపోతే దుబాసీకి బడ్జెట్‌లో సరైన జీతం రాయండి. వాళ్లు చేసేది మాటలు మార్చడమే కాదు, ఎవరింటికి ఎప్పుడు వెళ్లకూడదో కూడా వాళ్లే చెప్తారు. ప్రశ్నావళిని ఒకరితో అనువాదం చేయించి, అసలు చూడని ఇంకొకరితో వెనక్కి మీ భాషలోకి చేయించండి. ఎక్కడ పొంతన కుదరలేదో అక్కడ మీ ప్రశ్నే సరిగా లేదని గ్రహించండి. సమ్మతి పత్రం మీద సంతకం అడిగేముందు ఆలోచించండి, కాగితం మీద సంతకమంటే భూమి పోతుందని భయపడే చోట్లు ఉన్నాయి. నోటిమాట సమ్మతికి ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోవచ్చు. 'వద్దు' అనడానికి వీలుగా అడగడం నేర్చుకోండి: ఊరిపెద్దను పక్కన నిలబెట్టుకుని అడిగితే ఎవరూ వద్దనరు.

ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలో చెప్తాను. అమ్మానాన్నలు జ్వరాల గురించి భయపడతారు, నేను రోడ్ల గురించి భయపడతాను. 5 నుంచి 29 ఏళ్ల వయసువాళ్ల మరణాలకు ప్రపంచంలో మొదటి కారణం రోడ్డు ప్రమాదాలే. రాత్రి బస్సు ఎక్కనని, హెల్మెట్ లేకుండా మోటార్‌సైకిల్ వెనక కూర్చోనని మాటివ్వండి. ఇన్సూరెన్స్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదాన్ని మినహాయించారేమో చూడండి, అత్యవసరంగా పెద్దాసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉండాలి. రెండు నెలల ముందు ప్రయాణ వైద్యం తెలిసిన డాక్టరును కలవండి. ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ టీకా వేసుకున్న పదో రోజు నుంచే చెల్లుతుంది, చివరి వారానికి పెట్టుకుంటే సరిహద్దులో ఆపేస్తారు. మలేరియా మాత్రలు కొన్ని తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి, బాగానే ఉన్నాను కదా అని చాలామంది మానేస్తారు. కుక్క కరిస్తే ముందు పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, ఆ రోజే టీకాకు పరుగెత్తాలి.

మూడో వారమో నాలుగో వారమో మీకు ఏడుపొస్తుంది. నార్వే సామాజిక శాస్త్రవేత్త లిస్గార్డ్ 1955లోనే, అమెరికా వెళ్లొచ్చిన ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ప్రభుత్వ స్కాలర్‌షిప్ అందుకున్న 200 మంది నార్వేవాళ్లను పరిశీలించి, మొదట ఉత్సాహం, నడుమ కుంగుబాటు, తర్వాత కుదురుకోవడం అని వర్ణించాడు. అందరికీ అదే వరసలో రాకపోవచ్చు, కానీ నేను పంపిన పిల్లల్లో ఎక్కువమంది నడుమలోనే ఫోన్ చేశారు. 'ఇక్కడ నా వల్ల ఎవరికీ ఉపయోగం లేదు' అన్నది అందరి మాటా. ఆ వారంలో ప్రాజెక్టు మార్చే నిర్ణయాలేవీ తీసుకోకండి. మీ గురువుతో ఆ వారంలో ఒక ఫోన్ ముందే ఖాయం చేసుకోండి. నోట్స్ మాత్రం ఆ రాత్రివి ఆ రాత్రే రాయండి, ఎంత అలసిపోయినా. రేపటికి మీకు సంఖ్యలు గుర్తుంటాయి, ఆమె సగం దూరం వెళ్లి ఆగిన సంగతి గుర్తుండదు. పేర్లు ఒక చోట, జవాబులు ఇంకో చోట, రెండూ పాస్‌వర్డ్ వెనక ఉంచండి.

ఆఖరి వారం ఖాళీగా ఉంచుకోండి, కొత్త ఇంటర్వ్యూలు పెట్టకండి. మీరు కనుక్కున్నది వాళ్ల భాషలో రెండు పేజీలుగా రాయించి, జవాబులు చెప్పినవాళ్లను పిలిచి వినిపించండి. ఎవరి పేరూ, ఎవరి ఇల్లూ అందులో గుర్తుపట్టేలా ఉండకూడదు. తప్పులు వాళ్లు దిద్దుతారు, ఆ దిద్దుబాట్లే మీ పేపర్లో అన్నిటికన్నా విలువైన భాగమవుతాయి. ఒక ప్రతి బడిలో, ఒకటి ఆరోగ్య కేంద్రంలో వదిలి రండి.

ముందు ఆ మెయిల్ రాయండి. చిత్తుప్రతి ఇక్కడ పెడితే చూసి చెప్తాను.